కాలిన ఏరియేటర్ మోటార్ల రీబిల్డు: వచ్చే పంట లెక్క వైండరుకి ముందే చెప్పాలా, దాచాలా?

ఉండి, పాత మోటార్ల షాపు:

అందరికీ నమస్కారమండి. ఉండి, ఆకివీడు, కాళ్ల చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద కాలిపోయిన 2 హెచ్‌పీ ఏరియేటర్ (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రం) మోటార్లు, నీళ్లు దిగిన గేర్ బాక్సులు మా షాపు తీసుకుంటుంది. మోటార్లు పాలకొల్లు వైపు కాలిన రాగి తీగ తీసి కొత్తది చుట్టే ఇద్దరు వైండర్ల దగ్గరికి వెళ్తాయి, గేర్ బాక్సులు షాపులోనే విప్పి కడతాం. రెండూ కలిపి సెట్టు చేసి ఆరు నెలల గ్యారంటీతో రైతుకి ఇస్తాం. ఉత్త రిపేరు కాదు, పాత బాడీలో కొత్త వైండింగ్, కొత్త బేరింగులు, కొత్త సీళ్లు వేసి టెస్టు చేసి ఇచ్చే పూర్తి రీబిల్డు.

సందేహమల్లా రేటు దగ్గర. ఎవరు ఎన్ని ఎకరాల్లో రొయ్య పిల్ల వదులుతున్నారో, ఎన్ని ఏరియేటర్లు దించుతున్నారో మాకు ముందే తెలుస్తుంది కాబట్టి వచ్చే పంటలో ఎన్ని మోటార్లు వైండింగ్‌కి వస్తాయో ఓ అంచనా ఉంటుంది. ఆ లెక్క చెప్పేస్తే వైండరు రేటు పెంచుతాడేమోనని భయం. చెప్పకపోతే వైరు, మనుషులు సిద్ధంగా లేక నాలుగు రోజుల పని పన్నెండు రోజులు పడుతుంది, ఈలోగా రైతు కొత్తది కొనేసుకుంటాడు. ఇంకోటి, ఒకే మోడలువి వంద కట్టాక వైండరుకి చెయ్యి తిరుగుతుంది, టైము తగ్గుతుంది. ఆ మిగులంతా ఆయనకేనా, మేమూ వాటా అడగొచ్చా? పని ఇద్దరికీ పంచడం మంచిదా, ఒక్కరికే ఇవ్వడం మంచిదా? లెక్కలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

కాకినాడ, కొనుగోళ్ల విభాగం:

మీ భయం వట్టిది కాదండి. రేటు బ్యాచికి బ్యాచి మాట్లాడుకునే పద్ధతిలో గిరాకీ ఎక్కువుందని ముందు చెప్పినవాడే నష్టపోతాడు. అవతలి మనిషి మీ గిరాకీని బట్టి రేటు కడతాడు, ఆ పైన మీ లాభం మీరు వేసుకుంటారు, చివరికి రైతు దగ్గర ధర పెరిగి అమ్మకం తగ్గుతుంది. అందుకే ఈ పద్ధతిలో ఉన్నంతకాలం ఏ షాపూ నోరు విప్పదు.

చేతి అలవాటు వల్ల ఖర్చు తగ్గే పనిలో మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. టి.పి. రైట్ అనే ఇంజనీరు 1936లో విమానాల తయారీ ఖర్చుల మీద రాసినప్పుడు చూపించింది ఇదే: అప్పటిదాకా తయారైన మొత్తం సంఖ్య రెట్టింపైనప్పుడల్లా కూలి గంటలు సుమారు 20 శాతం తగ్గుతాయి. వైండింగ్‌లో అంత ఆశించొద్దు, ఓవెన్‌లో వార్నిష్ ఆరే టైము ఎవరి చేతిలోనూ తగ్గదు కదా. చేతిపని వరకే తీసుకుని, రెట్టింపుకి 10 శాతం తగ్గుతుందనుకుందాం. మొదటి మోటారుకి 5 గంటల చేతిపని అయితే రెండోది 4.5, నాలుగోది 4.05, ఎనిమిదోది 3.65, పదహారోది 3.3, అరవైనాలుగోది 2.65 గంటలు. పంట మొత్తానికి 80 మోటార్లే వస్తే సగటు ఒక్కోదానికి 3 గంటలు పడుతుంది. 200 వస్తే సగటు 2.6 గంటలకి దిగుతుంది.

200 వస్తాయని నమ్మిన వైండరు మొదటి యాభై కాస్త తక్కువకి కట్టినా నష్టపోడు. ఆ యాభై మీద నేర్చుకున్నది తర్వాతి నూటయాభై మీద తిరిగొస్తుంది. 80 అనుకున్నవాడు అంత తెగించలేడు. అంటే మీ దగ్గరున్న లెక్క దాస్తే, మొదట్లో తగ్గించాల్సిన రేటుని ఆయన తగ్గించకుండా మీరే ఆపుతున్నట్టు.

ముందు ఒప్పందం, తర్వాత లెక్క చెప్పడం. ఈ వరస తప్పొద్దు. రేటుని అప్పటిదాకా కట్టిన మొత్తం సంఖ్యకి ముడివెయ్యండి. లెక్క కోసం చెప్తున్నా, మజూరీ మొదటి 50కి 1,500 అనుకుంటే 51 నుంచి 120 దాకా 1,430, ఆపైన 1,380. ఒక్కసారి రాసుకున్నాక గిరాకీ పెరిగిందని పెంచడానికి లేదు, పెరిగితే ఆయనే కింది మెట్టుకి దిగుతాడు. రాగి ధర ఇందులో కలపొద్దు. అది ఏ రోజు రేటు ఆ రోజు, తూకం వేసి విడిగా ఇవ్వాలి. కలిపేస్తే రాగి పెరిగిన నెలలో ఈ మెట్లన్నీ కొట్టుకుపోతాయి.

చెప్పే అంకె ఒక్కటిగా చెప్పొద్దు. "కనీసం 120 పంపుతాం, 200 దాకా రావచ్చు" అనండి. 120 కన్నా తగ్గితే తగ్గిన ప్రతి మోటారుకీ ఇంత అని మీరు కట్టాలి. ఆ బాధ్యత లేకపోతే ఎవరైనా 300 అని ఊదరగొట్టి కింది మెట్టు రేటు అడుగుతారు, మీ మాటకి విలువుండదు.

పాలకొల్లు, వైండింగ్:

కాకినాడ గారి లెక్కలో తప్పు లేదండి, కానీ అసలు డబ్బు అక్కడ లేదు. 3 గంటలు 2.6 అయితే మిగిలింది 0.4 గంట. గంటకి 150 కూలి వేసుకున్నా మోటారుకి 60 రూపాయలు. అదే గ్యారంటీలో తిరిగొచ్చే మోటార్ల సంగతి చూడండి. వందకి 12 వెనక్కొస్తున్నాయి, ఒక్కోదానికీ రాగి, కూలి, ఆటో కలిపి 2,500 అనుకుందాం. అవి 4కి తగ్గితే వందకి 20,000, అంటే మోటారుకి 200 రూపాయలు. చెయ్యి వేగం కన్నా మూడింతల పైమాట. వైండరు నిజంగా నేర్చుకోవాల్సింది మోటారు ఎందుకు కాలిందో, మళ్లీ కాలకుండా ఏం చెయ్యాలో. ఆ సమాచారం వైండింగ్ బల్ల మీద సగమే ఉంటుంది, మిగతా సగం చెరువు గట్టు మీద ఉంటుంది. రెండూ కలవకుండానే మోటార్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

మూత విప్పగానే కాయిల్ తలలు చూడండి. మామూలు 4 పోల్ వైండింగ్‌లో పన్నెండు కాయిల్ గుంపులుంటాయి, మూడు ఫేజులకీ నాలుగేసి. ఆ ఫేజుల్ని కలిపే పద్ధతులు రెండు, స్టార్, డెల్టా. స్టార్ కనెక్షన్ ఉన్న మోటారుకి కరెంటు వచ్చే మూడు ఫేజుల్లో ఒకటి పోయిందనుకోండి, ఎనిమిది గుంపులు బొగ్గులా మాడి నాలుగు మాడకుండా పచ్చగా ఉంటాయి: రెండు నలుపు, ఒకటి పచ్చ, మళ్లీ రెండు నలుపు, ఒకటి పచ్చ, అలా చుట్టూ. డెల్టా అయితే అటుదిటు, నాలుగు మాడి ఎనిమిది పచ్చగా ఉంటాయి. అన్నీ ఒకే రంగులో నల్లబడితే ఓవర్ లోడు, లేదా గాలి ఆడక వేడెక్కింది. ఒక్కచోట చిన్న గుంటలా కరిగితే చుట్టుకీ చుట్టుకీ షార్టు, దాన్ని మా పనితనంలో వెతకాలి. స్లాటు అంచున బాడీకి కొట్టిన మచ్చ ఉంటే తేమ గానీ, పేపరు చిరగడం గానీ.

ఇందులో మొదటి రకం, అంటే ఫేజు పోయి కాలిన మోటారుని నేను బంగారంలా కట్టిచ్చినా అదే గట్టు మీద, అదే స్టార్టరుకి తగిలిస్తే పది రోజుల్లో తిరిగొస్తుంది. అక్కడ కావాల్సింది ఒక ఫేజు పోగానే మోటారు ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు, నీళ్లలో టేపు చుట్టి వదిలేసిన కేబుల్ జాయింటు మార్చడం. ఓవర్ లోడు రిలే (కరెంటు ఎక్కువైతే మోటారు ఆపేది) నేమ్ ప్లేటు ఆంపియర్ల దగ్గర ఉందో లేదో చూడాలి. 2 హెచ్‌పీకి 415 వోల్టుల మీద అది సుమారు మూడున్నర. ట్రిప్ అవుతోందని 6కి తిప్పేసిన రిలేలు గట్ల మీద కోకొల్లలు. మూడు ఫేజుల వోల్టేజీ కూడా కొలవండి. తేడా మూడున్నర శాతం ఉంటే చాలు, వైండింగ్ వేడి నాలుగో వంతు పెరుగుతుంది. ప్రతి పది డిగ్రీల అదనపు వేడికీ ఇన్సులేషన్ ఆయుష్షు సగం పోతుంది.

అందుకని షాపు గారూ, ఎన్ని వస్తాయో చెప్పే ముందు ప్రతి మోటారుతో ఈ నాలుగూ పంపండి: ఏ చెరువు, రోజుకి ఎన్ని గంటలు తిరిగింది, స్టార్టరులో రిలే ఎంత మీద ఉంది, ఇంతకుముందు వైండింగ్ అయిందా లేక ఫ్యాక్టరీదేనా. చివరిది చాలామంది అడగరు. ఫ్యాక్టరీ వైండింగ్ అయితే చుట్లు, గేజి (వైరు మందం), పిచ్ (కాయిల్ ఎన్ని స్లాట్లు దాటుతుందో), కనెక్షన్ లెక్కపెట్టి రాసుకుంటే ఆ మోడలుకి శాశ్వతంగా పనికొస్తుంది. ఒకసారి ఎవరో నాలుగు చుట్లు తక్కువేసి కడితే తర్వాత కట్టేవాడు ఆ తప్పునే లెక్కపెట్టి కడతాడు, ఒరిజినల్ లెక్క ఇక దొరకదు.

మా వైపు నుంచి మీకు రావాల్సినవి: మాడిన కాయిళ్ల ఫోటో, పాత రాగి తూకం, కొత్త రాగి తూకం, మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) రీడింగు, ఖాళీగా తిప్పినప్పుడు మూడు ఫేజుల ఆంపియర్లు. కొత్త రాగి బాగా తక్కువ తూగితే వైరు సన్నం వేశారనో, చుట్లు తగ్గించారనో అడగొచ్చు, అడగాలి కూడా. మెగ్గర్ 500 వోల్టుల మీద పెట్టి చూసినప్పుడు 5 మెగా ఓమ్‌ల కన్నా తక్కువుంటే మోటారు గేటు దాటకూడదు, కొత్త వైండింగ్ ఎండాక దానికి ఎన్నో రెట్లు చూపించాలి. సప్లై వోల్టేజీ మూడు ఫేజుల్లో సమానంగా ఉన్నా ఖాళీ ఆంపియర్లు 5 శాతానికి మించి తేడా ఉంటే కనెక్షన్ గానీ చుట్లు గానీ తప్పు. మూడూ సమానంగానే ఉండి మామూలు కన్నా ఎక్కువుంటే చుట్లు తక్కువ పడ్డాయి, లేదంటే కోరు (మోటారులో కదలని భాగమైన స్టేటరు రేకుల దొంతర) దెబ్బతింది.

కోరు దెబ్బతినేది పాత వైరు తీసేటప్పుడే. కిరసనాయిలు పోసి మంట పెడితే వార్నిష్ తొందరగా మాడుతుంది, నిజమే. కానీ వేడి 370 డిగ్రీలు దాటితే స్టేటరు రేకుల మధ్య పూత పోతుంది. ఆ తర్వాత ఎంత మంచి వైరు వేసినా కోరు తనంతట తానే వేడెక్కుతుంది. వేడిని అదుపులో ఉంచే ఓవెన్‌లో పెట్టి తియ్యాలి. మీ ఒప్పందంలో రేటుతో పాటు ఈ మాట కూడా రాయించండి.

ఉండి, పాత మోటార్ల షాపు:

చాలా థ్యాంక్సండి ఇద్దరికీ. రెండు సంగతులు ఇంకా తేలలేదు. రైతు పేరు, చెరువు వివరాలు ట్యాగు మీద రాసి పంపితే అవి వైండరు దగ్గరనుంచి ఇంకో షాపుకి చేరవా? రెండోది, పాత ఇనప సామాను కొనేవాళ్ల దగ్గరనుంచి వచ్చే మోటార్లు సగం పనికిరాకుండా వస్తున్నాయి. కాయిల్ ఉలితో కొట్టేసి, స్టేటరు పళ్లు వంగిపోయి ఉంటున్నాయి. వాటి మీద పెట్టిన డబ్బు దండగవుతోంది.

రాజోలు, చెరువుల మీద ఎలక్ట్రికల్ పని:

రెండోదానికి ముందు చెప్తాను. సామాను కొనేవాడికి మీరు తూకం లెక్కన ఇస్తున్నంతకాలం ఆయనకి రాగి, ఇనుము తప్ప మోటారు కనపడదండి. ఆయనకి కూడా సమాచారం ఇవ్వాలి, డబ్బు రూపంలో. మూడు రకాలు చేసి ఫోటోలతో ఒక కాగితం మీద ముద్రించి ఇవ్వండి. మొదటి రకం: మూత విప్పనిది, షాఫ్టు చేత్తో తిరిగేది, కాళ్లు విరగనిది. రెండోది: బేరింగు ఇల్లు అరిగి స్లీవు (తొడిగే గొట్టం) పట్టేది, ఎండ్ కవరు పగిలినది. మూడోది: రోటరు స్టేటరుకి రాసుకుని రేకులు కరిగి అతుక్కున్నది, ఉలి పడినది. మూడో రకానికి తుక్కు ధరే, మొదటి రకానికి అంతకన్నా స్పష్టంగా ఎక్కువ. విప్పకుండా తెస్తే ఎక్కువొస్తుందని రెండుసార్లు డబ్బు చేతిలో పడ్డాక ఉలి పక్కన పెడతాడు.

రైతు దగ్గర అయితే మార్పిడి పద్ధతి మేలు. కాలినది ఇచ్చి రీబిల్డు చేసినది వెంటనే తీసుకెళ్తాడు, కాలినది తేనివాడు డిపాజిట్ కడతాడు, తెచ్చాక వాపసు. క్యాటర్‌పిల్లర్ 1973 నుంచి ఇంజన్ భాగాలు తిరిగి తయారుచేసి అమ్ముతోంది. అక్కడ కూడా పాత భాగం వెనక్కి రప్పించేది ఈ డిపాజిట్టే. రాత్రి రెండింటికి ఆక్సిజన్ పడిపోతున్న చెరువు దగ్గర ఎవడూ నాలుగు రోజులు ఆగడు, కాబట్టి మార్పిడికి చేతిలో కొన్ని సెట్లు ఎప్పుడూ ఉండాలి.

ఎన్ని ఉండాలన్నది అంచనా సంగతి. ఎకరాల లెక్కొక్కటే చాలదండి. 500 కేజీల రొయ్యకి 1 హెచ్‌పీ అనే వాడుక లెక్క వేస్తే ఎకరానికి 3 టన్నులు కట్టే చెరువుకి 6 హెచ్‌పీ, అంటే మూడు ఏరియేటర్లు. కానీ అవి మొదటి రోజునుంచీ అన్నీ తిరగవు. కాలడం రెండు దఫాలుగా వస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో పిల్ల వదిలే ముందు, పంట విరామంలో షెడ్డులో పడున్న మోటారుని తుడిచి నేరుగా స్విచ్చి వేసినప్పుడు మొదటి దఫా. ఉప్పుగాలికి తేమ పీల్చుకున్న వైండింగ్ అది. రెండోది అరవై రోజులు దాటాక, మేత పెరిగి ఏరియేటర్లు రాత్రంతా, ఒక్కోసారి పగలు కూడా తిరిగేటప్పుడు. వైండరుకి చెప్పేటప్పుడు పంట మొత్తానికి ఒక అంకె కాకుండా ఈ రెండు దఫాలకీ విడివిడిగా, వారాల వారీగా చెప్పండి.

మొదటి దఫా అయితే సగం తప్పించొచ్చు కూడా. పట్టుబడి (రొయ్యలు పట్టడం) అవ్వగానే రైతు ఏరియేటర్లు మీ షాపుకి పంపితే మెగ్గర్ పెట్టి చూసి, తేమ పట్టినవి ఆరబెట్టి, బేరింగులు మార్చి ఉంచొచ్చు. 90 ఫ్రేము (బాడీ సైజు) మోటార్లకి ఎక్కువగా 6205 నంబరు బేరింగు పడుతుంది, అయినా విప్పి నంబరు చూసే కొనండి. ఆ విరామంలో వైండరుకి కూడా పని ఉంటుంది, చెయ్యి మర్చిపోదు. రెండు నెలలు ఆగి మళ్లీ మొదలెడితే మొదటి పది, పదిహేను మోటార్లు నెమ్మదిగానే నడుస్తాయి, తిరుగు మోటార్లు కూడా వాటిలోంచే ఎక్కువొస్తాయి. కాకినాడ గారి లెక్కలో ఈ మరుపు లేదు.

గేర్ బాక్సు మీరే చూస్తున్నారు కాబట్టి ఒక్కటి చెప్తాను. నూనె పాలలా తెల్లబడితే నీళ్లు దిగాయి. సీలు మార్చి ఊరుకోకుండా సీలు కూర్చునే చోట షాఫ్టు మీద వేలిగోరు గీసి చూడండి. గాడి తగిలితే కొత్త సీలు కూడా కారుతుంది, స్లీవు వెయ్యాలి. ఏ చెరువులవి పదే పదే ఇలా వస్తున్నాయో రాసుకుంటే చాలావాటిలో ఉప్పు శాతం ఎక్కువున్న చెరువులవో, ప్యాడిల్ షాఫ్టు వంగి ఊగుతున్నవో తేలతాయి.

కాకినాడ, కొనుగోళ్ల విభాగం:

మరుపు సంగతి ఒప్పుకుంటున్నాను. విరామంలో వారానికి నాలుగైదైనా పంపే ఏర్పాటు ఒప్పందంలో పెట్టండి, కింది మెట్టు రేటు నిలబడేది దానివల్లే. తిరుగు మోటార్ల విషయంలోనూ పాలకొల్లు గారిదే సరైన లెక్క. మెట్ల రేటుకి అదనంగా, ఆరు నెలల్లో వెనక్కొచ్చినవి వందకి 5 లోపుంటే మోటారుకి ఇంత అని చివర్లో ఇవ్వండి. అయితే వెనక్కొచ్చిన దాన్ని విప్పేటప్పుడు ఇద్దరూ ఉండాలి. ఫేజు పోయి కాలినది వైండరు ఖాతాలో వెయ్యకూడదు, అలా వేస్తే మాడిన కాయిళ్ల అసలు ఫోటో మీకు మళ్లీ రాదు.

ఇద్దరు వైండర్ల సంగతి: సంఖ్య పంచొద్దు, మోడళ్లు పంచండి. 200 మోటార్లు చెరో వంద కలగాపులగంగా ఇస్తే ఇద్దరూ ఏ మోడలులోనూ ముదరరు. ఒకే రకం స్టాంపింగ్ (స్టేటరు రేకు), ఒకే గేజి ఉన్నవన్నీ ఒకరికి, మిగతావి రెండోవారికి. కాయిల్ చుట్టే చెక్క అచ్చు, గేజి వైరు, పేపరు కొలత ఒకసారి కుదిరితే వరసగా నడుస్తుంది. ఒకరు జబ్బుపడితే రెండోవారు అందుకోవడానికి ప్రతి మోడలు డేటా షీటు ఒక కాపీ మీ షాపులో ఉండాలి. ఎవరి సంఖ్య వారికే చెప్పండి.

పేరు బయటికి పోవడం గురించి: వైండరుకి రైతు పేరు అక్కర్లేదు కదండి. నంబరు చాలు. ఏ నంబరు ఏ చెరువో మీ పుస్తకంలో ఉంటుంది. ఆయనకి కావాల్సింది గంటలు, రిలే, ఉప్పు, ముందు వైండింగ్ అయిందా అన్నవి.

పాలకొల్లు, వైండింగ్:

డేటా షీటు ఇవ్వడానికి కొందరు వైండర్లు ఇష్టపడరు, తమ విద్య బయటికి పోతుందని. చుట్ల లెక్క ఎవరైనా ఒక ఫ్యాక్టరీ మోటారు విప్పి లెక్కపెట్టుకోవచ్చు, అది దాచినా దాగదు. చేతి పనితనం కాగితం మీద పోదు. అయినా మొదటిసారి విప్పి లెక్కపెట్టినదానికి మోడలుకి ఇంత అని విడిగా కట్టండి, అప్పుడు అడగ్గానే ఇస్తారు.

ట్యాగు గురించి చివరిగా. కాగితం ట్యాగు ఉప్పునీళ్లకి నానిపోతుంది, నిలిచినా ఓవెన్‌లో కాలిపోతుంది. ప్లాస్టిక్కు కూడా అంతే. అల్యూమినియం రేకు ముక్క మీద నంబరు పంచితో గుద్ది, టెర్మినల్ బాక్సు మూత లోపలివైపు రివెటు కొట్టండి. బయట కొడితే చెరువు మీద రెండు పంటల్లో ఉప్పు తినేస్తుంది. టెర్మినల్ బాక్సు మూత ఒక మోటారుది ఇంకోదానికి మారిపోతూ ఉంటుంది కాబట్టి అదే నంబరు స్టేటరు బాడీ కాలి మీద కూడా గుద్దాలి. రీబిల్డు అయిన ప్రతిసారీ నంబరు పక్కన ఒక చుక్క పెట్టండి. మూడు చుక్కలున్న మోటారు వస్తే వైండింగ్‌కి ముందు కోరు లాస్ టెస్టు (కోరు తనంతట తానే వేడెక్కుతోందేమో చూసేది) చేయించండి, కోరు పోయినదైతే అక్కడే తుక్కులో వేసెయ్యండి.